కొసరుగా అడిగిన కాలువ

ముప్పై అడుగుల సిమెంటు రోడ్డు, దాని మొదట్లో మా కాలనీ పేరు చెక్కిన ఆర్చి, వీధి దీపాలు, ఉయ్యాల ఉన్న పార్కు. ఇవన్నీ ఒక్క సంతకానికి కొన్నదాన్ని నేను. తెనాలి బజారులో పుట్టి పెరిగినవాళ్ళలో ఇంత లాభసాటి బేరం చేసినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే నాకు చూపించండి. పెట్టుబడి ఒక పెన్ను గీత. ఆ పెన్నయినా నాది కాదు, ఎదుటివాళ్ళదే. అంత చక్కటి బేరం వల్ల మా వీధి చివర ఒక పిండిమర నీళ్ళలో మునిగింది. మునుగుతుందని ఎవరూ చెప్పలేదా అంటే చెప్పారు. ఆ సంగతి నేను మరిచిపోయానా అంటే మరవలేదు. తెలివిగా అడగాలని చివరికి అట్టేపెట్టాను. ఆ తెలివి ఎలాంటిదో చెప్పాలంటే మా నాన్న కొట్టు దగ్గర మొదలుపెట్టాలి.

నాన్న ఇత్తడి, స్టీలు సామాను అమ్మేవాడు. కొట్టుకు ఒక పక్క బట్టల కొట్టు, ఇంకో పక్క కిరాణా, ఎదురుగా తాళ్ళూ చాపలూ అమ్మే కొట్టు. బళ్ళో ఎక్కాలు రాకముందే ఆ నాలుగు కొట్ల మధ్య నాకు బేరం వచ్చేసింది. కావలసిన వస్తువు వైపు చూడకూడదన్నది మొదట నేర్చుకున్న సంగతి. బిందె కావాలంటే ముందు గంగాళం ధర అడగాలి. తర్వాత ఒక పళ్ళెం తిరగేసి చూసి పెదవి విరవాలి. మెట్టు దిగబోతూ, ఇప్పుడే గుర్తొచ్చినట్టు, "పోనీ ఆ బిందె ఎంత?" అనాలి. బేరం తెగాక కొసరు అడగాలి. గ్లాసులు కొంటే ఒక చెంచా, పప్పు కొంటే ఇంకో గుప్పెడు. కొసరు వెయ్యని కొట్టు మెట్లు జనం మళ్ళీ ఎక్కరు. ఇక బోణీ. పొద్దున మొదట వచ్చిన మనిషి ఏమీ కొనకుండా దిగిపోతే ఆ రోజంతా నాన్న ముఖం మాడిన పెనంలా ఉండేది. అందుకని బోణీ బేరానికి నష్టమొచ్చినా సరే, ఒప్పుకునేవాడు.

నాన్న తర్వాత కొట్టు నా చేతికొచ్చింది. మా ఆయనకు బేరం చేతకాదు. ఎవరు ఎంతకడిగితే అంతకిచ్చి, పైగా "ఎండలో వచ్చారు, మంచినీళ్ళు తాగుతారా?" అంటాడు. అందుకని ఆయన లోపల కూర్చుని బిల్లులు రాస్తాడు, నేను బయట కూర్చుని నోరు పారేసుకుంటాను.

మేముండేది ఊరి చివర, అంగలకుదురు పోయే రోడ్డు మీదనుంచి లోపలికి తిరిగే వీధిలో. వీధి మొదట్లో మా ఇల్లు, చివర్లో మర వదిన ఇల్లు. వదినంటే చుట్టరికం ఏమీ లేదు, వీధి వరస. ఆవిడ ఇంటి ముందు గదిలో పిండిమర ఉంది. అత్తగారి నుంచి వచ్చింది. ఆ ఇంటికి వేరే ఆదాయం లేదు. మర ఆడితే పొయ్యి వెలుగుతుంది. యంత్రాన్ని నేలలో సిమెంటు పోసి బిగించారు, మోటారు గచ్చుకు జానెడు ఎత్తులో ఉంటుంది. వాన వస్తోందని ఎత్తి పక్కన పెట్టుకునే వస్తువు కాదు.

పిండి కిందికి దిగే చోట ఒక గుడ్డ గొట్టం వేలాడుతూ ఉంటుంది. గింజలు అయిపోయినా ఆ గుడ్డకు కాస్త పిండి అంటుకుని మిగులుతుంది. దారిన పోయేవాళ్ళ పిండయితే వదిన గుడ్డను ఒక్కసారి తట్టి డబ్బా తీసేస్తుంది. మా వీధివాళ్ళదయితే గుడ్డ వదులయ్యేదాకా తట్టి, మెలితిప్పి, చివరి రవ్వ కూడా మా డబ్బాలోకే రాలుస్తుంది. అది ఆవిడ వేసే కొసరు.

మా వీధి ఆ ఇంటి వైపు వాలుగా ఉంటుంది. ఇక్కడ ఇల్లు కట్టే ప్రతివాళ్ళూ పక్కింటికంటే జానెడు ఎత్తుగా పునాది లేపుకుంటారు. నేనూ లేపాను, ఒక మెట్టు ఎక్కువే లేపాను. వదినది అన్నింటికంటే పాత ఇల్లు గనుక అన్నింటికంటే పల్లంలో ఉండిపోయింది. అయినా ఆవిడ గడప ఎప్పుడూ తడవలేదు. వాన నీళ్ళు వీధి వెంట వచ్చి, ఆవిడ గోడ పక్కగా తిరిగి, ఒక తూములోంచి వెనక మాగాణిలోని చిన్న బోదె కాలువలో పడేవి. అక్కణ్ణుంచి మురుగు కాలువలోకి పోయేవి.

ఆ మాగాణి ఆసామిని వీధంతా పెదనాన్నా అని పిలిచేది. వాన పడ్డప్పుడల్లా ఆయన గట్టు మీద నిలబడి, "మీ సబ్బు నీళ్ళన్నీ నా వరికే పెట్టండి. కోతలకొచ్చేసరికి కంకులు నురగలు కక్కుతాయి!" అని కేకలేసేవాడు. కేకలేస్తూనే తూముకు అడ్డం పడిన చెత్తను తన పారతో తనే లాగేసేవాడు. ఆ తూము మీద మాకు ఏ హక్కూ లేదు. ఉన్నదల్లా ఒక వాడుక. పెదనాన్న ఇంటి బియ్యప్పిండీ, మినప్పిండీ, కారమూ వదిన ఊరికే పట్టిచ్చేది. ఆయన జేబులో చెయ్యి పెట్టేవాడు కాదు, ఆవిడ చెయ్యి చాచేది కాదు. వాళ్ళత్తగారి రోజులనుంచి అంతే. మా వీధి వాన నీళ్ళకు ఆ పిండే అద్దె అని అప్పట్లో ఎవరం అనుకోలేదు. అద్దె కడుతున్న వదిన కూడా అనుకున్నట్టు లేదు.

పెదనాన్న చేను అమ్మేశాడు. ఆయన్ని అనడానికేమీ లేదు. మూడు పక్కలా ఇళ్ళు లేచాయి, ట్రాక్టరు దిగే దారి లేదు. ఆ డబ్బుతో రేపల్లె దగ్గర అంతకంటే పెద్ద చెక్క కొనుక్కున్నాడు. కొన్నాళ్ళకు మున్సిపాలిటీ బోర్డు మీద ఒక కాగితం అంటించారు. పేపర్లోనూ పడింది, మందు సీసా మీద ఉండేటంత అక్షరాలతో. ఫలానా సర్వే నంబర్లలోని వ్యవసాయ భూమిని నివాస ప్రాంతంగా మార్చే ప్రతిపాదన ఉంది, అభ్యంతరాలుంటే గడువులోగా రాసి ఇవ్వండి అని.

వీధంతా వదిన మరలో కూర్చున్నాం. బల్లలున్న చోటు అదొక్కటే. మర ఆడుతూనే ఉంది గనుక అందరం అరుచుకుంటూ మాట్లాడుకున్నాం.

"అయిదంతస్తులు లేస్తే మన డాబాల మీద వడియాలు పెట్టుకోవాలన్నా వాళ్ళని పర్మిషన్ అడగాలి," అన్నాడు బ్యాంకులో చేసి రిటైరయిన బాబాయి.

"వడియాల సంగతి తర్వాత బాబాయిగారూ. ఇప్పుడే కుళాయిలో ధార దారమంత వస్తంది. ఆ ఇళ్ళన్నీ కూడా కలిస్తే ఇక చప్పుడే వస్తుంది, నీళ్ళు రావు," అంది ఎదురింటి అమ్మాయి.

నడి వీధిలో కొత్తగా డాబా వేసినాయనకు ఇదంతా నచ్చలేదు. "ఏంటండీ మీరంతా? వెంచర్ పడితే మన సెంటు రేటు లేస్తుంది. వచ్చేదాన్ని కాళ్ళడ్డం పెట్టి ఆపుతారా?"

"రేటు లేస్తే ఏం చేస్తావు నాయనా, ఇల్లమ్ముకుని ఆ రేటు కప్పుకుని పడుకుంటావా?" అన్నాడు బాబాయి.

అప్పుడు వదిన మర ఆపింది. చెవులు ఒక్కసారి ఖాళీ అయినట్టనిపించింది.

"మీ వడియాలూ, మీ రేట్లూ నాకు తెలీదు. వాన నీళ్ళు ఎటు పోతాయి? అదొక్కటి చెప్పండి నాకు. ఆ చేను మెరక చేశారంటే మన వీధి పళ్ళెం అవుద్ది. పళ్ళెం అడుగున ఉండేది నా మోటారు."

బాబాయి కాగితం తీసి అభ్యంతరం రాశాడు, నీళ్ళ సంగతి మొట్టమొదట పెట్టి. అందరూ సంతకాలు చేశారు. దాన్ని సోమవారం ఆఫీసులో ఇచ్చే పని నాకప్పజెప్పారు. కాలనీ సంఘానికి కార్యదర్శిని నేనే. వినాయక చవితి పందిరిని సగం ధరకు తెచ్చినందుకు ఇచ్చిన పదవి అది.

"నువ్వెళ్తే చాలు వదినా," అంది మర వదిన నా చేతికి కాగితం ఇస్తూ. "నీ నోటికి ఆఫీసోళ్ళే డిస్కౌంట్ ఇస్తారు."

సోమవారం పొద్దున కొట్టు తీసి, అగరొత్తి గుచ్చి, ఇంకా గల్లాపెట్టె ముందు కూర్చోనే లేదు, ఒకాయన మెట్టెక్కాడు. చలువ చేసిన తెల్ల చొక్కా, చేతిలో ఖరీదైన ఫోను.

"అక్కా, బోణీ నాదే. ఆ గంగాళం ఎంత?"

చూరుకింద బోర్లించిన పెద్ద ఇత్తడి గంగాళం అది. అడిగేవాళ్ళే గాని కొనేవాళ్ళు లేక నల్లబడిపోయింది. బేరానికి జాగా ఉంచుకుని అసలు ధరకు మరో సగం కలిపి చెప్పాను. ఆయన మారు మాట్లాడకుండా నోట్లు తీసి బల్ల మీద పెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. చెప్పిన ధర చెప్పినట్టు ఇవ్వడమంటే నా ముఖం మీద తలుపేసినట్టే.

"ఏంటి బాబూ, బేరం ఆడవా?"

"మీతో బేరమాడి గెలిచినోళ్ళు లేరంటగా అక్కా. ఓడిపోయేదానికి ఆడటం దేనికి?" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "బాపట్లలో మా ఆఫీసు. మీ వీధి వెనక చేను తీసుకుంది మేమే."

అభ్యంతరం కాగితం నా సంచిలోనే ఉంది. ఉందని ఆయనకూ తెలుసు, వీధిలో మాట దాగదు గదా. ఇవ్వొద్దని ఒక్క మాట అనలేదు. "ఆఫీసు చుట్టూ మీరూ తిరగటం, నేనూ తిరగటం ఎందుకక్కా? మీ వీధికి ఏం కావాలో నోటితో చెప్పండి," అన్నాడు. అప్పుడే ఆయన్ను మెట్లు దిగమని ఉంటే సరిపోయేది. కానీ బోణీ మనిషి. పైగా బేరమాడకుండా కొన్నాడు. ఆ కసి నాలో ఉండిపోయింది. ఈయన్ని ఇప్పుడైనా పిండకపోతే నేను నాన్న కూతుర్నే కాదనిపించింది.

మా వీధికి సిమెంటు రోడ్డుతో మొదలుపెట్టాను. ఆయన ఇరవై అడుగులన్నాడు, నేను నలభై అన్నాను. ఆయన నుదురు తుడుచుకున్నాడు. నేను పళ్ళెం ఒకటి తిరగేసి దాని అడుగు చూస్తూ కూర్చున్నాను. ముప్పై దగ్గర తెగింది. ఆర్చి మీద వాళ్ళ వెంచర్ పేరంటే, మా కాలనీ పేరు పైన, మీది కింద, అదీ చిన్నక్షరాల్లో అన్నాను. ఎవరికో ఫోను చేసి, "సార్, అక్క ఒప్పుకోవట్లేదండి," అని నా ఎదుటే దీనంగా అన్నాడు. ఆ మాట విని నాకు కడుపు నిండింది. దీపాలు వచ్చాయి. పార్కు వచ్చింది. పార్కులో ఉయ్యాల అడిగి అదీ తీసుకున్నాను.

ఇంతసేపూ నా కళ్ళ ముందు ఆడుతున్నది తూమే. అది మరిచిపోయానని ఎవరైనా అంటే ఒప్పుకోను. కావలసినదాని వైపు చూడకూడదు గదా. అందుకే అన్నీ తెగాక, గుడ్డతో గంగాళం మీద దుమ్ము దులుపుతూ, ఆయన వైపు చూడకుండా అన్నాను.

"సరే. ఇక కొసరు."

"ఇంకా కొసరా అక్కా?"

"చివర పిండిమర పక్కనుంచి వాన నీళ్ళు పోవటానికి ఒక కాలువ ఇయ్యి."

"ఓస్, అదెంత! వేయిస్తా," అన్నాడు. ఏదో చెంచా అడిగినట్టు.

వీధిలో నలుగురికీ ఫోను చేశాను. ఆర్చి అనగానే కొత్త డాబా ఆయన కేకపెట్టాడు, రోడ్డు వెడల్పు విని బాబాయి వడియాల బాధ మరిచిపోయాడు. మర చప్పుడులో వదిన ఫోను ఎత్తలేదు. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను. మధ్యాహ్నానికి ఆయన తన మనిషితో స్టాంపు కాగితం రాయించుకొచ్చాడు. రోడ్డు, ఆర్చి, దీపాలు, పార్కు, ఉయ్యాల. అన్నీ ఉన్నాయి, కాలువ తప్ప. చదివాను. కాలువ లేదని చూశాను. అయినా నాకేమీ అనిపించలేదు. ఆరు గ్లాసులు అమ్మితే బిల్లులో ఆరు గ్లాసులే ఉంటాయి. కొసరు వేసిన చెంచా బిల్లుకెక్కదు. పుట్టినప్పటినుంచీ చూస్తున్న లెక్కే అది. కార్యదర్శి హోదాలో అభ్యంతరం లేదని సంతకం పెట్టాను.

ఆయన గంగాళం మోయించుకుని వెళ్ళాక మా ఆయన బిల్లు పుస్తకంలోంచి తలెత్తాడు. "నీతో బేరమాడినవాళ్ళు ఏడుస్తూ వెళ్తారు. ఆయన నవ్వుతూ వెళ్ళాడేంటి?"

"మీకు బేరం గురించి ఏం తెలుసండీ?" అన్నాను.

సాయంత్రం వదిన గుమ్మంలో నిలబడి నా విజయమంతా చెప్పాను. ఆవిడ చేతులకు అంటిన కారం తుడుచుకుంటూ ఓపిగ్గా విన్నది.

"నీళ్ళ సంగతి అడిగావా?"

"అడగకుండా ఉంటానా? కొసరు కింద ఒప్పించాను."

"వదినా, పొద్దున్నుంచి రాత్రిదాకా కొసరేసి బతికేదాన్ని నేను. కొసరంటే నాకు తెలీదా? అది వేసేవాళ్ళ చేతిలో ఎంత పడితే అంత. తక్కువైందని అడగటానికి ఎవరికీ నోరుండదు."

"నువ్వు మరీనూ," అన్నాను.

భూ వినియోగం మారింది. టిప్పర్లు మొదలయ్యాయి. ఎక్కడెక్కడి చెరువుల మట్టో తెచ్చి పోశారు. ముందు గట్లు కిందికి పోయాయి, తర్వాత బోదె పోయింది, ఆ తర్వాత మా రోడ్డు, ఆఖరికి వదిన అరుగు కూడా కిందికి పోయాయి. నిజానికి అవేవీ కదల్లేదు, పక్కది పైకి లేచింది. మాగాణి ఉన్నప్పుడు వదిన వాకిట్లో నిలబడితే కొంగలు కనిపించేవి. ఇప్పుడు ఆవిడ వాకిట్లో నిలబడితే వెంచర్‌లో నడిచేవాళ్ళ చెప్పులు కనిపించసాగాయి.

ఆయన మాట తప్పలేదు. అది చెప్పకపోతే అన్యాయం. రోడ్డు టేపుతో కొలిచాను, సరిగ్గా ముప్పై. ఆర్చి మీద మా పేరు పైనే ఉంది. ఉయ్యాలకు ఎర్ర రంగు కూడా వేయించాడు. కాలువ కూడా ఇచ్చాడు. పూడ్చిన తూము దగ్గర మోచెయ్యంత లావు ప్లాస్టిక్ గొట్టం ఒకటి పాతించాడు.

ఫోను చేశాను. "ఇదేంటి తమ్ముడూ? వీధి నీళ్ళన్నీ ఇందులోంచి పోతాయా?"

"కొసరే గదక్కా," అన్నాడు. వెటకారమేమీ లేదు గొంతులో. నిజంగానే అన్నాడు.

అల్పపీడనం పట్టి ఒక రోజంతా విడవకుండా కురిసింది. మిట్టమధ్యాహ్నానికి గొట్టంలో ఒక ప్లాస్టిక్ సంచీ ఇరుక్కుంది. ఇరుక్కోకపోయినా అది ఆ నీళ్ళకు చాలేది కాదు. వెంచర్ నీళ్ళు కూడా మా వైపే దిగాయి. కొత్త సిమెంటు రోడ్డు నున్నగా ఉంది గనుక పారడానికి వాటికి ఏ ఇబ్బందీ లేకపోయింది. మేం వెళ్ళేసరికి వదిన మెయిను స్విచ్చి తీసేసి, మర బెల్టు ఊడదీసి మెడలో వేసుకుని అరుగు మీద నిలబడి ఉంది. బియ్యం డబ్బాలూ, మిరపకాయల బస్తాలూ అందరం మా ఇంటికి మోశాం. మోటారును ఎవరూ మొయ్యలేరు. నీళ్ళు దాన్ని చుట్టుకుని, మెల్లగా పైకెక్కి, మూసేశాయి.

వదిన వీధి మొదటి వైపు చెయ్యి చూపించింది.

"నీ ఆర్చి భలేగుంది వదినా. చూడు, నీళ్ళలో దాని నీడ గూడా పడింది."

అంతకుమించి ఆ రోజు నన్నేమీ అనలేదు. అని ఉంటే నాలుగు తిట్లు తిని ఇంటికి పోయేదాన్ని.

ఫిర్యాదు రాసుకుని నేనూ బాబాయీ మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి అధికారి ఫైలు తిప్పి నా సంతకం నాకే చూపించాడు. "అభ్యంతరం లేదన్నది మీరేనమ్మా. మీ ఒప్పందంలో కాలువ మాట ఎక్కడుంది?" కొసరని చెప్పాలనిపించింది. బాబాయి అడగ్గా అడగ్గా, అక్కడ పాత బోదె ఉండేదని భూమి పాత ఆసామి రాసిస్తే చూద్దామన్నాడు.

రేపల్లె రైలెక్కాను. పెదనాన్న కొత్త చేలో మినుము చల్లించి గట్టు మీద ఉన్నాడు. సంగతంతా విని పారకు అంటిన బురద గీకుతూ నవ్వాడు.

"అమ్మేటప్పుడు వాళ్ళు నన్నడిగారమ్మాయ్, ఈ తూము ఎవరిదీ అని. ఎవరిదీ కాదు, మరమ్మాయి నాకు పిండి పట్టేది అన్నాను. పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు." తర్వాత నవ్వు ఆపాడు. "మునిగిందా మోటారు?"

"మునిగింది పెదనాన్నా."

రాసిచ్చాడు. రైలుకు వస్తుంటే వెనకనుంచి కేకేశాడు. "ఇక్కడి మరాయన గుడ్డ తట్టడే! సగం పిండి వాడికే వదిలేసొస్తున్నానని చెప్పు మీ వదినతో!"

ఆ కాగితం పట్టుకుని బాపట్ల వెళ్ళాను. తెలివి చావలేదు, బోణీ వేళకు చేరేటట్టు పొద్దున రైలుకే వెళ్ళాను. ఆఫీసులకు బోణీ ఏముంటుంది? ఏసీ వేసి కూర్చోబెట్టారు. గుమ్మంలో నా గంగాళం ఉంది. తళతళా తోమించి, నీళ్ళు పోసి, అందులో తామర పువ్వులు వదిలారు. నా కొట్లో ఉన్నన్నాళ్ళూ అది అంత బాగా ఎప్పుడూ లేదు.

ఆయన వచ్చి, "ఏంటక్కా ఇంతదూరం?" అన్నాడు. జీవితంలో మొదటిసారి నాకు కావలసినదాని వైపు సూటిగా చూసి అడిగాను.

"నాకు కాలువ కావాలి. పాత తూమంత వెడల్పున, మురుగు కాలువదాకా. పార్కు పడింది పాత బోదె మీదే. పార్కు మధ్యనుంచి తవ్వించు. కావాలంటే ఉయ్యాల తీసేయ్."

"ఇప్పుడా? లేఅవుట్ అయిపోయిందక్కా. మళ్ళీ పర్మిషన్లు, తవ్వకం, సిమెంటు పని... ఊరికే అవదు."

పెదనాన్న కాగితం బల్ల మీద పెట్టాను. చదివి కాస్త మెత్తబడ్డాడు. పర్మిషన్లు తను చూసుకుంటానని, పని ఖర్చులో సగం మా వైపునుంచి రావాలని, ఆ సగం ఎంతో చెప్పాడు. ఎక్కువ చెప్పాడు. ఎంత ఎక్కువో నాకు తెలుసు, నేనూ అలాగే చెబుతాను గదా.

"సరే," అన్నాను.

ఆయన కంగారుపడ్డాడు. "ఏంటక్కా, బేరం ఆడరా?"

"లేదు తమ్ముడూ. రాసియ్యి. కాలువే మొదటి వరసలో రాయి, వెడల్పుతో సహా."

కాలువ వచ్చింది. మరుసటి వానకు నీళ్ళు దాంట్లోనే పోయాయి. వదిన గడప తడవలేదు.

ఇక లెక్క. వచ్చినవి రోడ్డు, ఆర్చి, దీపాలు, మధ్యలో కాలువ పారే పార్కు. ఉయ్యాల ఉంచారు గాని, పిల్లలు కాలువలో పడతారని తల్లులు అక్కడికి పంపడం లేదు. రోడ్డు వెడల్పయ్యాక బళ్ళు ఎంత వేగంగా వస్తున్నాయంటే, స్పీడు బ్రేకరు వేయించమని ఇంకో అర్జీ పెట్టాం. సెంటు రేటు పెరిగింది, మాలో అమ్మేవాళ్ళెవరూ లేరు. పోయినవాటిలో మొదటిది కాలువ పనికి మా వైపు సగం. సంతకం నాది గనుక వీధిని అడగలేదు, కొట్లో ఇత్తడి సరుకంతా అయినకాడికి తెగనమ్మి కట్టాను. ఇత్తడి ఉన్న వైపు అరలు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి. మా ఆయన ఒక్క మాట అనలేదు, అది ఇంకో ఖర్చు. మోటారు వైండింగు మళ్ళీ చుట్టించడానికీ, ఎత్తుగా దిమ్మ కట్టించడానికీ నేను ఇస్తానంటే వదిన తీసుకోలేదు. నగ తాకట్టు పెట్టుకుంది. కారం పట్టే సీజనంతా మర మూతపడింది. ఆ సీజనుకు వేరే మరకు అలవాటుపడ్డవాళ్ళలో సగం మంది తిరిగి రాలేదు. అది నేను ఏ బేరంలోనూ వెనక్కి తేలేనిది. ముందే అభ్యంతరం కాగితం ఇచ్చి ఉంటే వెంచర్ ఆగేదా అంటే, ఆగేది కాదనే అనుకుంటున్నాను. కానీ నీళ్ళ మాట ఫైలులో మొదటి వరసలో ఉండేది, కాలువను నేను కొనాల్సిన పని ఉండేది కాదు.

ఇప్పుడు కూడా పిండి వదిన దగ్గరే పట్టిస్తాను. "రా వదినా, కూర్చో," అంటుంది. కాఫీ ఇస్తుంది. పెదనాన్న మాట చెబితే పడీపడీ నవ్వింది కూడా. మొన్న బియ్యం పట్టుకెళ్ళాను. గింజలు అయిపోయాయి, మర నెమ్మదించింది. నేను చూడనట్టు గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. వదిన గుడ్డను ఒక్కసారి తట్టి, డబ్బా తీసి, మూత పెట్టి నా చేతికిచ్చింది. తీసుకున్నాను. అడగలేదు.